జేబుకు భారం కాని కౌన్సెలింగ్: ఎక్కడ అడగాలి, ఎలా అడగాలి

హైదరాబాద్‌లో ప్రైవేటు క్లినిక్‌కి వెళ్తే ఒక్కో కౌన్సెలింగ్ సెషన్‌కు వెయ్యి నుంచి రెండు వేలు అడుగుతారు. పేరున్న చోట ఇంకా పైనే. ఇది ఒక్కసారితో తేలే పని కాదు. వారానికోసారి చొప్పున రెండు నెలలు తిరిగితే తక్కువలో తక్కువ ఎనిమిది వేలు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికో, నాలుగిళ్లలో పనిచేసే అమ్మకో అది మాటలు కాదు. చాలామంది ఫీజు వినగానే ఊరుకుంటారు.

ఉచితంగానో, వంద రెండొందలకో కౌన్సెలింగ్ దొరికే చోట్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలు కొన్ని, ప్రభుత్వం నడిపేవి కొన్ని. చిక్కల్లా ఒక్కో సంస్థ ఒక్కో రకం సాయమే చేస్తుంది. తెలియక వేరే చోటికి వెళ్లి, గంటసేపు కూర్చుని, "ఇక్కడ కాదమ్మా" అనిపించుకుంటే మళ్లీ ఎవరినీ అడగబుద్ధి కాదు. అందుకే ఇక్కడ ఎక్కువ సేపు సరైన గుమ్మం వెతకడం గురించే మాట్లాడతాను.

ముందుగా: ఆగే పరిస్థితి కాకపోతే

ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గట్టిగా వస్తోందా? ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతున్నారా? అయితే కింద రాసిన వెతుకులాట అంతా తర్వాత. ఇప్పుడే 14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు కలవకపోతే 1800-891-4416. ఇప్పటికే ఏదైనా మింగినా, గాయం చేసుకున్నా ఫోన్లో కౌన్సెలింగ్ కోసం చూడకుండా 108కి చేసి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు. పల్లెల్లో పురుగుమందు డబ్బాలు, పట్నంలో మాత్రల డబ్బాలు చేతికి అందే చోట ఉంచొద్దు. కొన్నాళ్లు పక్కింట్లో పెట్టినా పరవాలేదు.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అలా కాదని రుజువైతే తప్ప విచారించి శిక్ష వేయకూడదు. పైగా ఆ మనిషికి వైద్యం, పునరావాసం చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అని కూడా అందులో ఉంది.

ఒకటో మెట్టు: మీకు కావలసింది ఎవరు?

కౌన్సెలింగ్ అని అందరం ఒకే మాట వాడతాం గానీ, అవతల కూర్చునే మనుషులు మూడు రకాలు.

మొదటి రకం, వినేవాళ్లు. స్వచ్ఛందంగా వచ్చి, శిక్షణ తీసుకుని ఫోన్ దగ్గర కూర్చుంటారు. సికింద్రాబాద్‌లోని రోష్నీ 1997 నుంచి చేస్తున్నది ప్రధానంగా ఈ పనే. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో మొదలుపెట్టిన స్నేహా కూడా ఇదే కోవలోది. వీళ్లు సలహాలు ఇవ్వరు, మందులు రాయరు, తీర్పులు చెప్పరు. గుండెలో బరువు దించుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ ఇవాళ మాట్లాడినవాళ్లే రేపూ దొరుకుతారని అనుకోవద్దు. "ఫోన్ చేశాను, ఊరికే విన్నారంతే" అని పెదవి విరిచేవాళ్లు ఎక్కువగా వీళ్ల నుంచి చికిత్స ఆశించినవాళ్లే.

రెండో రకం, కౌన్సెలర్లు, క్లినికల్ సైకాలజిస్టులు. అపాయింట్‌మెంట్ ఇస్తారు. ఒకే మనిషి మీతో వారం వారం, ముప్పావుగంటో గంటో పనిచేస్తారు. పెళ్లి తర్వాత గొడవలు, పరీక్ష టెన్షన్, దగ్గరివాళ్లు పోయిన దుఃఖం, ఎడతెగని ఆందోళన లాంటివాటికి కావలసింది వీళ్లు.

మూడో రకం, సైకియాట్రిస్టులు. ఎంబీబీఎస్ చదివిన డాక్టర్లు, మందులు రాయగలిగేది వీళ్లే. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, లేనివి వినిపించడం, స్నానం తిండి మానేయడం, ఎవరో వెంటపడుతున్నారన్న గట్టి నమ్మకం ఉంటే ముందు డాక్టరు చూడాలి, కౌన్సెలింగ్ ఆ తర్వాత. ఎడతెగని నీరసం, దిగులుకు థైరాయిడ్, రక్తహీనత లాంటివి కూడా కారణం కావచ్చు. ఆ పరీక్షలు ప్రభుత్వాస్పత్రిలో చేయించుకోండి.

ఎవరు కావాలో తేల్చుకోలేకపోతే 14416కే చేసి "నేను ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పండి, మా జిల్లాలో ఎక్కడ ఉన్నారో చెప్పండి" అని అడగండి. ఆ నంబరు అత్యవసరం ఉన్నవాళ్లకే అనుకుంటారు చాలామంది. దారి చూపించడం కూడా వాళ్ల పనే. అవసరమైతే పై స్థాయి నిపుణులకు, జిల్లా ఆస్పత్రికి పంపే ఏర్పాటు ఉంది.

రెండో మెట్టు: చోట్ల జాబితా రాసుకోవడం

ఒక కాగితం మీద కనీసం నాలుగు పేర్లు రాసుకోండి. ఒకటే పట్టుకుని కూర్చుంటే, అక్కడ ఖాళీ లేదనగానే కథ ముగుస్తుంది.

ఇంట్లో హింస, భర్త తాగుడు, అత్తింటి వేధింపు ఉన్న ఆడవాళ్లకు నిజానికి దారులు ఎక్కువ. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి చేస్తే జిల్లా సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి, పోలీసు సాయం, న్యాయ సలహా ఒకే కప్పు కింద ఉచితం. హైదరాబాద్‌లో పోలీసుల ఆధ్వర్యంలో 2016లో మొదలైన భరోసా కేంద్రం మహిళలకు, పిల్లలకు ఇలాంటి సేవే చేస్తుంది. స్వచ్ఛంద సంస్థల్లో భూమిక ఏళ్లుగా తెలుగులో హెల్ప్‌లైన్ నడుపుతోంది. పాతబస్తీలో షాహీన్ ఉంది. మై ఛాయిసెస్ ఫౌండేషన్ బస్తీల్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పీస్‌మేకర్లుగా నిలబెట్టింది. పక్క వీధి మనిషే కౌన్సెలర్ అయితే భాష, కష్టం రెండూ తెలిసినవాళ్లుగా ఉంటారు. మన విషయం వీధిలో తెలిసిపోతుందన్న బెంగ ఉంటే మాత్రం వేరే బస్తీ కేంద్రం అడగొచ్చు, తప్పేం లేదు. విజయవాడలో వాసవ్య మహిళా మండలి 1969 నుంచి మహిళలు, పిల్లల కోసం పనిచేస్తోంది.

తాగుడు, గంజాయి సమస్యకు 14446. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలున్నాయి, మీ జిల్లాలో ఏవో ఆ నంబరు వాళ్లనే అడగండి. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఫీజు అంటూ ఉండదు, సభ్యులు తోచింది వేస్తారు, అంతే. తాగేవాళ్ల ఇంటివాళ్లకు ఆలనాన్ అని విడిగా ఉంది. ఇంట్లో ఆయన రానంటే పోనీ, ముందు మీరు వెళ్లండి.

పిల్లలకు 1098, వృద్ధులకు 14567. బుద్ధిమాంద్యం, ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్.

రైతు కుటుంబాల సంగతి కొంచెం వేరు. భూమి పాసుబుక్కు రాక, బ్యాంకు నోటీసు వచ్చి నిద్రపట్టని మనిషికి గాఢంగా ఊపిరి పీల్చుకో అని చెబితే ఒరిగేదేముంది? సుస్థిర వ్యవసాయ కేంద్రం చొరవతో వచ్చిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ పద్ధతి ఇక్కడే నచ్చుతుంది. మనసు మాట వింటూనే, ఆ పాసుబుక్కు పనీ అధికారుల దాకా తీసుకెళ్తారు. మీ బాధకు అప్పో, భూమి తగాదానో మూలమైతే ఉచిత న్యాయ సహాయం కోసం 15100 కూడా జాబితాలో రాసుకోండి.

ప్రత్యేకమైన కారణమంటూ లేక, దిగులు, ఆందోళన ఉన్న మామూలు మనిషికే చోట్లు తక్కువ. అలాంటివాళ్లు శిక్షణ ఇచ్చే సంస్థలు చూడాలి. సికింద్రాబాద్‌లోని స్వీకార్ లాంటి చోట్ల క్లినికల్ సైకాలజీ చదివేవాళ్లు సీనియర్ల పర్యవేక్షణలో కేసులు చూస్తారు. యూనివర్సిటీ సైకాలజీ విభాగాల్లోనూ అడగొచ్చు. "నేర్చుకునేవాళ్లా?" అని వెనకాడతారు గానీ, వాళ్లకు మీ కోసం ఎక్కువ సమయం ఉంటుంది, ప్రతి కేసూ పెద్దవాళ్లతో చర్చిస్తారు. హడావుడిగా పది నిమిషాల్లో పంపించే పేరున్న క్లినిక్ కంటే నేనైతే దీనికే ఓటేస్తాను.

ఇక ప్రభుత్వాస్పత్రులు. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు పేర్లు ఎగతాళికి వాడీ వాడీ అక్కడికి వెళ్లాలంటేనే జంకు పుట్టించాం. అవి రెండూ రోజూ ఓపీ చూసే మామూలు ఆస్పత్రులే. నిద్ర పట్టడం లేదని వచ్చి మందు తీసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్లే ఎక్కువ. అంత దూరం అక్కర్లేదనుకుంటే గాంధీ, ఉస్మానియా, వరంగల్ ఎంజీఎం, గుంటూరు, కర్నూలు, కాకినాడ, తిరుపతి రుయా లాంటి బోధనాస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడే "సైకాలజిస్ట్ ఏ రోజు ఉంటారు?" అని అడగండి. డాక్టరు రోజూ ఉన్నా, సైకాలజిస్ట్ కొన్ని రోజులే ఉండొచ్చు. ఇది కనుక్కోకుండా వెళ్లి, మాత్రలతో తిరిగొచ్చి, "మాట్లాడేవాళ్లే లేరు" అనుకోవడం మామూలే.

ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో తిరిగే హెల్ప్‌లైన్ పోస్టర్లలో సగం పాతవి. మూడంకెల, అయిదంకెల ప్రభుత్వ నంబర్లు నిలకడగా ఉంటాయి గానీ సంస్థల ఫోన్ నంబర్లు, వేళలు మారుతుంటాయి. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో చూసి చేయండి.

మూడో మెట్టు: ఫోన్ కాల్

అందరూ తడబడేది ఇక్కడే. అవతల "హలో" అనగానే గొంతు పూడుకుపోతుంది, లేదా మొత్తం కథ రిసెప్షన్ అమ్మాయికే చెప్పేస్తారు. ఆవిడ చేయగలిగింది అపాయింట్‌మెంట్ ఇవ్వడమే. రెండు ముక్కలు ముందే కాగితం మీద రాసుకోండి:

"నమస్తే అండీ. కౌన్సెలింగ్ కోసం చేస్తున్నాను, నాకే. ఆరు నెలలుగా నిద్ర సరిగ్గా లేదు, పని మీద ధ్యాస ఉండటం లేదు. మొదటిసారి. ఫీజు వివరాలు చెప్తారా?"

ఇంతే చాలు. తర్వాత అడగాల్సినవి ఇవి:

- మీ దగ్గర ఫోన్లో మాట్లాడటమేనా, వచ్చి కూర్చుని మాట్లాడొచ్చా?
- ప్రతిసారీ ఒకరే ఉంటారా?
- తెలుగులో మాట్లాడతారా? (హైదరాబాద్‌లో ఈ ప్రశ్న తప్పనిసరి. మనసులో మాట ఇంగ్లీషులోకి మార్చుకుంటూ చెబితే సగం జారిపోతుంది.)
- ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారా? దానికి రేషన్ కార్డు లాంటిదేమైనా చూపించాలా?
- ఎన్ని రోజులు ఆగాలి? మధ్యలో ఎవరైనా రాకపోతే ఆ టైమ్ నాకు ఇస్తారా?

ఫీజు మాటకొస్తే, చాలా సంస్థల్లో తగ్గింపు ఉన్నా గోడ మీద రాసి ఉండదు, అడిగినవాళ్లకే ఇస్తారు. అడగడం బిచ్చం కాదు. ఆ విరాళాలు వచ్చిందే మీలాంటివాళ్ల కోసం. "తక్కువ చేయండి" అని వదిలేయకుండా మీరే ఒక అంకె చెప్పండి: "నెలకు నాలుగుసార్లు రావాలంటే ఒక్కోసారికి నూటయాభై ఇవ్వగలనండీ." అంకె వింటే అవతలివాళ్లకు తేల్చడం తేలిక. ఆ అంకె వేసేటప్పుడు చార్జీలు, పోయే కూలీ కూడా కలపండి. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఉచిత ప్రయాణం ఉంది కాబట్టి దూరపు కేంద్రమైనా వాళ్లకు గిట్టుబాటు కావచ్చు. మగవాళ్లు మాత్రం ఆటో ఖర్చు ఫీజును మించిపోకుండా చూసుకోవాలి.

ఖాళీ లేదంటే పేరు వెయిటింగ్‌లో రాయించి, "ఈలోపు ఎవరి దగ్గరికి వెళ్లమంటారు?" అని తప్పక అడగండి. సంస్థలవాళ్లకు ఒకరి సంగతి ఒకరికి తెలుసు. గూగుల్ చూపించని పేర్లు ఆ ఒక్క ప్రశ్నతో బయటికొస్తాయి.

నాలుగో మెట్టు: అవతలి మనిషి ఎవరో చూసుకోవడం

ఉచితం కదా అని కళ్లు మూసుకుని వెళ్లకూడదు. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. పేరు, నంబరు కొట్టి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. సైకియాట్రిస్ట్‌కు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. కౌన్సెలర్ విషయంలోనే చిక్కు. సైకాలజీలో పీజీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి ఏళ్లుగా బాగా పనిచేస్తున్నవాళ్లూ కౌన్సెలర్లే, వారాంతం కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్లూ కౌన్సెలర్లే. ఆర్‌సీఐ నంబరు లేనంత మాత్రాన పనికిరానివాళ్లని కాదు. అందుకే "మీరేం చదివారండీ, మీ కేసులు ఎవరైనా సీనియర్‌తో చర్చిస్తారా?" అని నేరుగా అడగండి. మంచి కౌన్సెలర్ సూటిగా జవాబు చెబుతారు. చిరాకు పడితే మీకు జవాబు దొరికినట్టే.

సంస్థ వివరాలు నీతి ఆయోగ్ నడిపే ఎన్జీవో దర్పణ్ పోర్టల్‌లో వెతకొచ్చు. దాంట్లో పేరుంటే సంస్థ ఉన్నట్టు తెలుస్తుంది, కౌన్సెలింగ్ బాగుంటుందని కాదు. మూడు సెషన్లలో నయం చేస్తామనేవాళ్లు, డాక్టరు రాసిన మందులు ఆపేయమనేవాళ్లు, మతం మారమనో పూజ చేయించమనో మెలిపెట్టేవాళ్లు, పది సెషన్ల డబ్బు ముందే కట్టమనేవాళ్లు ఎదురైతే లేచి వచ్చేయండి.

అయిదో మెట్టు: మొదటి రోజు

వెళ్లేముందు అర పేజీ రాసుకోండి. ఎప్పటి నుంచి, నిద్ర ఎలా ఉంది, తిండి, పని, వాడుతున్న మందులు (బీపీ, థైరాయిడ్ మాత్రలతో సహా), దేనికి ఎక్కువవుతోంది. అక్కడ ఏడుపొచ్చి మాట రాకపోతే ఆ కాగితం ఇచ్చేయండి. మొదటి సెషన్ ఎక్కువగా వాళ్ల ప్రశ్నలతోనే గడుస్తుంది, ఫారాలు నింపిస్తారు. ఇంటికొచ్చాక తేలికపడ్డట్టు అనిపించకపోయినా, పాత సంగతులు తవ్వినందుకు ఇంకా దిగులుగా ఉన్నా కంగారు పడొద్దు. రెండు మూడుసార్లు వెళ్లి చూడండి.

తోడుగా వచ్చిన అమ్మో, భర్తో లోపలికి వస్తామంటారు. మీకు వద్దనుకుంటే కౌన్సెలర్‌తో ముందే చెప్పండి, వాళ్లే మర్యాదగా బయట కూర్చోబెడతారు.

మీరు చెప్పింది బయటికి పోదా అన్నది అందరి భయం. మానసిక ఆరోగ్య చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. దానికి హద్దులూ ఉన్నాయి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పుంటే చెప్పాల్సిన వాళ్లకు చెబుతారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. ఏది ఎవరికి చెబుతారో మొదటి రోజే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఫోన్లోనే కౌన్సెలింగ్ తీసుకునేవాళ్లకు

మండలాల్లో ఉన్నవాళ్లకు తరచూ ఇదే దారి. ఇంట్లో చాటు దొరకదు, హాస్టల్ గదిలో నలుగురుంటారు. హైదరాబాద్‌లో పోటీ పరీక్షల కుర్రాళ్లు యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో చెట్టు కింద కూర్చుని చదువుకున్నట్టే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడే మాట్లాడుకోవచ్చు. ఊళ్లో అయితే బడి అయిపోయాక ఖాళీ గది, పొలం గట్టు. ఎవరైనా దగ్గరికొస్తే కౌన్సెలర్‌కు అర్థమయ్యేలా ఒక మాట ముందే అనుకోండి: "సరే పిన్నీ, మళ్లీ చేస్తా" అంటే ఆపేయమని.

కుదరకపోతే, ఊరు మారితే

నాలుగైదు సెషన్ల తర్వాత కూడా ఆ మనిషితో మాట కలవకపోతే మార్చమని అడగండి. "ఆవిడ మంచావిడే, ఏమనుకుంటారో" అని మొహమాటానికి పోయి చాలామంది మొత్తానికే మానేస్తారు. సంస్థ ఆఫీసుకి ఫోన్ చేసి "వేరే కౌన్సెలర్‌ను ఇస్తారా?" అంటే సరిపోతుంది, కారణం చెప్పాల్సిన పని లేదు. అసభ్యంగా ప్రవర్తించినా, మీ విషయం బయటపెట్టినా మాత్రం ఆగకుండా సంస్థ బాధ్యులకు రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

మందులు కూడా వాడుతుంటే ప్రభుత్వ ఓపీలో ఉచితంగా ఇచ్చేవి తీసుకోండి. అక్కడ లేనివి జనఔషధి దుకాణంలో అడగండి, చీటీ మీద కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు (జనరిక్) పేరు రాయించుకుంటే వెతకడం తేలిక. ఆరోగ్య బీమా ఉంటే పాలసీ కాగితం తీసి చూడండి. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా వర్తింపజేయాలని 2017 చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి కాబట్టి వారం వారం కౌన్సెలింగ్ ఖర్చు రాకపోవచ్చు.

సంస్థల ప్రాజెక్టులకు నిధులు ఆగిపోతుంటాయి, కౌన్సెలర్లు ఉద్యోగాలు మారుతుంటారు, మీకూ వేరే ఊళ్లో పని దొరకొచ్చు. అలాంటప్పుడు ఇప్పటిదాకా ఏం పనిచేశారో, ఏ మందులు నడుస్తున్నాయో ఒక పేజీలో రాసివ్వమని అడిగి తీసుకోండి. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే అవస్థ చాలావరకు తప్పుతుంది.